ముల్లు సగం దాటితే

మార్కాపురం,
ఆదివారం

చిన్నికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అంతా క్షేమం. మీ అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, పొద్దునా సాయంత్రం నడుస్తోంది. మన అంబాసిడర్ బండి కూడా బాగయింది. ఆ ముక్క ఫోన్లో చెబితే సరిపోయేది. కానీ ఏమైంది, ఏం చేశాం, ఘాట్లో మళ్లీ ఇంజన్ వేడి చూపే ముల్లు లేస్తే నువ్వేం చెయ్యాలి అన్నవి ఫోన్లో చెబితే గాలికి పోతాయి. అందుకే రాస్తున్నా. ఈ కాయితాలు మడిచి డాష్‌బోర్డులో ఆర్సీ పక్కన పెట్టుకో.

మొన్న లింగాలగట్టు దాటి సున్నిపెంట ఎక్కేటప్పుడు ముల్లు ఎర్రగీత దగ్గరికి రాగానే బండి పక్కకి తీసి ఆపావు చూడు, అది చాలా మంచి పని. మూత ముట్టుకోకుండా నాకు ఫోన్ చేయడం ఇంకా మంచి పని. నా కుడి మోచేతి కింద మచ్చ ఏంటని చిన్నప్పుడు అడిగేదానివి, నూనె పడిందని చెప్పేవాడిని. నూనె కాదు. 1999 మే నెలలో దోర్నాల ఘాట్లో ఇదే అంబాసిడర్ కాగిపోతే, తువ్వాలు అడ్డం పెట్టి, ఇంజన్ నీళ్లని చల్లార్చే రేడియేటర్ మూత తిప్పాను. నువ్వు వెనక సీట్లో మీ అమ్మ ఒళ్లో నిద్రపోతున్నావు. నీకు రెండేళ్లు.

ఆ మూత మీద 0.9 అని ఉంటుంది. లోపల బయటి గాలికన్నా 0.9 బార్ ఎక్కువ ఒత్తిడి నిలబెడుతుందని దానర్థం. ఆ ఒత్తిడి ఉన్నంతసేపూ నీళ్లు 100 దగ్గర మరగవు, సుమారు 118 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. మూత తీశామా, ఒత్తిడి పోతుంది. 110లో ఉన్న నీళ్లు ఆ క్షణంలోనే ఆవిరై మన మీదకి లేస్తాయి. అందుకే ఎంత తొందరున్నా సరే, రేడియేటర్ పై పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడే వరకు మూత జోలికి పోవద్దు. అప్పుడైనా తడిగుడ్డ వేసి మొదటి మెట్టు వరకే తిప్పి, బుస్సుమన్నది తగ్గాక పూర్తిగా తియ్యి. ఇప్పుడు కొత్త మూత వేయించాను. పాతదాని రబ్బరు గట్టిపడి పగిలింది. అది ఒత్తిడి నిలబెట్టడం ఎప్పుడో మానేసింది.

అక్కడి మెకానిక్కు థర్మోస్టాట్ వాల్వు పీకేద్దాం అన్నాడని చెప్పావు. వద్దమ్మా. పాత బండి కాగితే మొదట దాన్నే పీకేయడం మన దగ్గర అలవాటైపోయింది. నేనూ ఒకప్పుడు పీకించినవాణ్ణే. ఆ ఏడాది చలికాలమంతా ఇంజన్ వేడెక్కేది కాదు, పెట్రోలు ఎక్కువ తాగింది, ఆయిలు త్వరగా నల్లబడింది. ఆ వాల్వు నీళ్లు వేడెక్కే వరకు దారి మూసి ఉంచుతుంది, వేడెక్కాక తెరుస్తుంది, అంతే. తెరుచుకున్నాక ఇంకా వేడి పెరుగుతోందంటే, తప్పు తలుపుది కాదు, తలుపు అవతల ఏదో అడ్డం ఉంది. కొన్ని ఇంజన్లలో దాన్ని తీసేస్తే నీళ్లు రేడియేటర్ దాకా పోకుండా బైపాస్ అనే పక్కదారి గుండానే తిరిగి, ఇంకా ఎక్కువ కాగుతాయి కూడా.

అయినా అనుమానం ఎందుకని దాన్ని ఊడదీసి ఇంట్లోనే చూశాను. మీ అమ్మ పాత సత్తు గిన్నె ఇచ్చింది. నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి, వాల్వుని దారంతో కట్టి, అడుగుకి తగలకుండా వేలాడదీశాను. పక్కనే థర్మామీటరు. డెబ్భై దాటింది, కదల్లేదు. వాల్వు మీద 82 అని ముద్ర ఉంది. సరిగ్గా ఆ దగ్గరకి వచ్చేసరికి సన్నటి చీలిక కనిపించింది, తర్వాత మెల్లగా విచ్చుకుంది. మరిగే వేళకి పూర్తిగా తెరుచుకుంది. ఇరవై ఎనిమిదేళ్ల బండిలో అంత బుద్ధిగా పనిచేసే వస్తువుని పీకి పారేస్తామా? మళ్లీ అందులోనే బిగించాం.

మరి రోగం ఎక్కడ? నువ్వు చెప్పిన ఒక్క మాట పనిని సగం చేసింది. ఎల్బీనగర్ ట్రాఫిక్కులో ముల్లు కదల్లేదని, ఎక్కుడులోనే లేచిందని అన్నావు. నిలబడి ఉన్నప్పుడు కాగి, రోడ్డు మీద పరిగెత్తితే చల్లబడే బండికి గాలి తక్కువైనట్టు. అప్పుడు ఫ్యానూ బెల్టూ చూడాలి. నిలబడితే బాగుండి, బరువు లాగితే కాగే బండికి నీళ్లు చాలినంత తిరగట్లేదు, లేదా తిరిగినా రేడియేటర్లో వేడి వదలట్లేదు. మనది ఈ రెండో రకం.

ఇందులో తప్పు నాదేనమ్మా. నాలుగేళ్లుగా నీళ్లు తగ్గినప్పుడల్లా పెరట్లో బోరు నీళ్లే పోశాను. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, నీకు తెలుసు. ఇంజన్లోనూ అదే జరిగింది. రేడియేటర్ షాపు ముసలాయన పై ట్యాంకుని అతికిన టాంకా కరిగించి, లేపి చూపించాడు. గొట్టాల నోళ్లు సున్నం, తుప్పు కలిసి పూడుకుపోయి ఉన్నాయి. సగం గొట్టాల్లోకి సూది కూడా దిగలేదు. ఆయన చదునైన సన్నటి ఊచ తీసుకుని, ఒక్కో గొట్టంలోకి దించుతూ, నీళ్లు కొడుతూ, మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. రాగి, ఇత్తడి రేడియేటర్ కాబట్టి ఈ వైద్యం సాధ్యమైంది. ప్లాస్టిక్ ట్యాంకులు బిగించిన ఇప్పటి వాటిని మార్చడమే ఎక్కువ. పారేయమన్న వాళ్లున్నారు. ఆ ముసలాయన చేతిపని చూశాక నాకు పారేయబుద్ధి కాలేదు.

బయటి వైపు కూడా రెక్కల మధ్య పురుగులూ, పత్తి దూదీ, దుమ్మూ కలిసి మెత్తలాగా పట్టేశాయి. ఇంజన్ వైపు నుంచి ముందుకి నీళ్లు కొట్టి పోగొట్టాం. ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి దిగుతాయి. ఇంజన్ బ్లాకు పక్కనున్న చిన్న కుళాయి కూడా విప్పించాను. రెండు నిమిషాలు చుక్క రాలేదు. తీగతో పొడిస్తే ఇటుకపొడి రంగు బురద ధారగా వచ్చింది. అది పోయి, తేటనీళ్లు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇంత చేసినా పూర్తిగా నయం కాలేదు. మరుసటి రోజు శ్రీశైలం శిఖరం వైపు ఎక్కిస్తే ముల్లు మళ్లీ సగం దాటింది. ఇంటికొచ్చి బానెట్ తెరిచి, పక్కన కూర్చున్న కుర్రాణ్ణి యాక్సిలరేటర్ తొక్కమన్నాను. కింది హోస్ పైపు నా కళ్ల ముందే లోపలికి పీల్చుకుని, చప్పిడి బుగ్గలా అతుక్కుపోయింది. ఆ పైపుని వాటర్ పంపు ఎప్పుడూ పీలుస్తూనే ఉంటుంది. అది ముడుచుకోకుండా లోపల ఒక స్ప్రింగు ఉండాలి. మనదాంట్లో అది తుప్పు పట్టి, ముక్కలై పోయింది. నిలబడి ఉన్నప్పుడు బాగానే ఉండి, గట్టిగా తొక్కినప్పుడే దారి మూసుకునేది. స్ప్రింగు ఉన్న కొత్త పైపు వేయించాక అసలైన మార్పు వచ్చింది.

ఇక నీళ్ల సంగతి. మూడో వంతు కూలెంటు, మిగతాది బ్యాటరీ నీళ్లు, అంటే డిస్టిల్డ్ వాటర్, పోయించాను. మనకి గడ్డకట్టే చలి లేదు, సగం సగం అక్కర్లేదు. ఎక్కువ పోస్తే వేడి మోసే శక్తి తగ్గుతుంది కూడా. దాని అసలు ఉపయోగం తుప్పు పట్టనివ్వకపోవడం. రెండేళ్లకోసారి మార్చు. పాతది మార్చినప్పుడు నేల మీద వదిలేయకు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, చచ్చిపోతాయి. డిక్కీలో అయిదు లీటర్ల క్యాను పెట్టాను, అది బండికే, తాగడానికి కాదు. మళ్లీ బోరు నీళ్లు మాత్రం పోయకు.

ఘాట్లో నడిపేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. మన బండిలో ఫ్యానూ పంపూ బెల్టు మీద ఇంజన్‌తోనే తిరుగుతాయి. టాప్ గేరులో మూలుగుతూ ఎక్కితే అవి నెమ్మదిగా తిరుగుతాయి, ఇంజన్ మీదేమో బరువంతా. ఒక గేరు దించి, కాస్త చప్పుడు చేసినా సరే, హాయిగా ఎక్కనివ్వు. ఎక్కుడు మొదలవగానే ఏసీ ఆపెయ్యి. దాని కండెన్సర్ రేడియేటర్ ముందే ఉంది, దాని వేడంతా దీని మీదకే వస్తుంది.

ముల్లు సగం దాటి లేస్తుంటే పక్కకి తీసి, న్యూట్రల్ చేసి, కాస్త రేసు పట్టుకుని రెండు నిమిషాలు చూడు. దిగితే సరే. ఆవిరి కనిపించినా, నీళ్లు కారుతున్నా, బెల్టు తెగినా వెంటనే ఇంజన్ ఆపెయ్యి. ఇంజన్ పైభాగం హెడ్ అల్యూమినియం, దాని కింది బ్లాకు ఇనుము. వేడికి అల్యూమినియం దాదాపు రెట్టింపు సాగుతుంది. ఇంకో రెండు కిలోమీటర్లేగా అని తోలితే హెడ్ వంగుతుంది, రెండిటి మధ్య ఉండే గ్యాస్కెట్ పోతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాల టీ రంగులో కనిపిస్తే, అప్పటికే నీళ్లు అందులో కలిసినట్టు. ఆపి ముప్పావుగంట ఆగడానికి భయపడకు. వర్షం వచ్చినా, చీకటి పడినా బండిలో కూర్చుని నాకు ఫోన్ చెయ్యి. సిగ్నల్ లేకపోతే వచ్చే బస్సు డ్రైవరుతో కబురు పంపు.

నిన్న పొద్దున మీ అమ్మని ఎక్కించుకుని దోర్నాల నుంచి శిఖరం దాకా పోయొచ్చాను. వేడి చూసే గన్ను ఒకటి కొన్నాను. కరోనాప్పుడు నుదుటికి పెట్టినది కాదు, అది జ్వరం వరకే చూపిస్తుంది. దిగువన రేడియేటర్ పై ట్యాంకు 84 ఉంది, ఎక్కుడు చివర 91, కింది ట్యాంకు దానికన్నా ఎనిమిది తక్కువ. ముల్లు సగం దాటలేదు. అక్కడే చింతచెట్టు కింద పులిహోర తిన్నాం. గన్ను నీ కోసం ముందు సీటు కింద పెట్టాను.

శుక్రవారం వస్తానన్నావు. బస్సుకి రా, ఆదివారం పొద్దున్నే బండి తీసుకుని బయల్దేరుదువు గానీ. రాత్రి తొమ్మిదికి దోర్నాల అడవి గేటు వేసేస్తారు, మళ్లీ ఉదయం ఆరుకే తీస్తారు. శిఖరం దాకా నేను పక్క సీట్లో కూర్చుని వస్తాను. అక్కడి నుంచి బస్సుకి తిరిగొస్తా. మీ అమ్మ నీకోసం ఆవకాయ జాడీ సర్ది పెట్టింది. డిక్కీలో నీళ్ల క్యాను పక్కన చోటు ఉంచాను.

మీ నాన్న