జింకు ఒంటబట్టిందా, కడుపులోనే ఉందా?

సంపాదకుడి గారికి,

మల్బరీ ఆకుపై జింకు సల్ఫేట్ పిచికారీ చేస్తే గూడు బరువు పెరుగుతుందని పట్టు రైతులకు చెబుతున్నారు. రుజువు అడిగితే పురుగును ఎండబెట్టి, యాసిడ్‌లో కరిగించి జింకు కొలిచిన కాగితం చూపిస్తారు. ఐదో దశ పురుగు కడుపు నిండా ఆకే. కొలిచిందాంట్లో ఒంటబట్టిందెంత, రేపు విసర్జనలో పోయేదెంత అన్నది ఆ కాగితం చెప్పదు.

జింకు-65 (గామా కిరణాలు వెలువరించే రేడియోధార్మిక జింకు) చెబుతుంది. నాలుగో జ్వరం (చర్మం విడిచే నిద్ర) లేచి ఐదో దశకు వచ్చిన పురుగుకు ఈ ఐసోటోపు పూసిన ఆకుముక్క ఒక్కసారే పెట్టి, తర్వాత అంతా మామూలు ఆకే వేయాలి. దీని గామా కిరణాలు బలమైనవి (1115 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు) కాబట్టి పురుగును చంపనక్కర్లేదు. ట్యూబులో పెట్టి అదే పురుగును రోజూ గామా కౌంటర్‌లో కొలవొచ్చు. ఆ రోజువారీ లెక్కలను గీతగా గీస్తే, మొదట గీత గబగబా పడిపోతుంది, అది పేగులోని ఆకు బయటికి పోవడం. తర్వాత గీత నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది గీతను వెనక్కి, మేత పెట్టిన వేళ దాకా పొడిగిస్తే తగిలే అంకే నిజంగా ఒంటబట్టిన వాటా.

తప్పులు జరిగేది చిన్నచోట్లే. పురుగులను ఒకే తట్టలో కలిపి ఉంచితే ఒకదాని విసర్జన ఇంకోదాని ఒంటికి అంటుకుని లెక్క పెరుగుతుంది. అందుకే పురుగుకో డబ్బా, అడుగున వల. గూడు కట్టే ముందు పురుగు పేగు ఖాళీ చేసుకుంటుంది, ఆ విసర్జననూ విడిగా కొలవాలి. తర్వాత గూడు పెంకు, విడిచిన చర్మం, ప్యూపా (గూటిలోని పురుగు) వేర్వేరుగా కొలవాలి. పట్టులోకి చేరిందెంతో తేలేది అక్కడే. జింకు-65 అర్ధాయువు, అంటే దాని రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం, 244 రోజులు. పది రోజుల్లో దాదాపు 3 శాతం దానంతటదే తగ్గుతుంది, ఆ సవరణ మరిస్తే పురుగు జింకును వదిలేసిందని పొరబడతాం. అన్నిటికన్నా ముఖ్యం, రైతు చల్లే మోతాదులోనే మామూలు జింకు కలపాలి. మోతాదు పెరిగితే పురుగు తీసుకునే వాటా మారిపోవచ్చు.

ఖర్చు పెట్టించే సలహా ఇచ్చే ముందు పట్టుపరిశ్రమ శాఖ ఈ పరీక్ష చేయించాలి. రేడియోధార్మికత అంటే జంకనక్కర్లేదు, పురుగుకు కొన్ని కిలోబెక్వెరెల్‌లు (రేడియోధార్మికత కొలమానం) చాలు. అయితే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉన్న ప్రయోగశాలలోనే, సీసపు అడ్డు పెట్టుకుని చేయాలి. పరీక్షించిన ప్యూపాలు కోళ్ళ మేతలోకో చేపల మేతలోకో పోకూడదు. పది అర్ధాయువులంటే ఆరున్నర ఏళ్ళ పైమాటే. అన్నాళ్ళూ వాటిని తాళం వేసి దాచే చోటు ముందే చూసుకోవాలి.

— కీటకశాస్త్ర అధ్యాపకుడు, హిందూపురం