బిడ్డకు మొదటి మందు ఊరి దగ్గరే అందించండి: బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి నమస్కారాలు.

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఇరవై ఎనిమిదేళ్లు ఏఎన్ఎంగా పనిచేసి విరమించినదాన్ని. హెచ్ఐవి ఉన్న తల్లుల బిడ్డలకు పుట్టగానే ఇవ్వాల్సిన మందు గురించి మా దగ్గరి ఆసుపత్రికి రెండుసార్లు రాతపూర్వకంగా విన్నవించినా జవాబు రాకపోవడంతో, నలుగురి ఎదుటా మీకు ఈ లేఖ రాస్తున్నాను.

హెచ్ఐవి ఉన్న తల్లికీ బిడ్డకూ ఏ మందూ అందకపోతే గర్భంలోనో, కాన్పులోనో, పాల ద్వారానో నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు వైరస్ సోకుతుంది. తల్లి రోజూ వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టి మాత్రలు వేసుకుంటూ, బిడ్డకు పుట్టగానే వైరస్ సోకకుండా కాపాడే నెవిరపిన్ సిరప్ మొదలుపెడితే ఆ సంఖ్య 5 కంటే తగ్గుతుంది. ఇంత తేడా ఉన్న చోట, ఒక కూలి తల్లికి సిరప్ నిల్వ లేదని చెప్పి పట్నానికి పంపేశారు. పచ్చి బాలింత రెండు బస్సులు మారింది. అత్తకు ఏ కారణం చెప్పాలో తెలియక దారంతా ఏడ్చింది. ఆరో వారంలో హెచ్ఐవి పరీక్ష కోసం బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్కలు తీయించడానికి వెళితే, వరుసలో అందరూ వినేలా ఆమె జబ్బు పేరు పలికారు. ఆమె మళ్లీ రాలేదు. ఆ బిడ్డ ఎలా ఉందోనన్న దిగులు నన్ను ఇప్పటికీ వదలలేదు. సమ్మతి లేకుండా ఇలా బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం నిషేధించింది.

కాన్పులు జరిగే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ సిరప్, పరీక్షకు రక్తపు చుక్కలు సేకరించే కార్డులు ఎప్పుడూ నిల్వ ఉండేలా, పరీక్ష, సలహా చాటు గదిలోనే జరిగేలా, రాకుండాపోయిన తల్లులను గుట్టుగా కలిసి పిలుచుకొచ్చే బాధ్యత ఒకరికి అప్పగించేలా 15 రోజుల్లో లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం