ఈడెన్ లోయకు జనాభా కొలత సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్‌లో పైన కౌంటీ, కింద జిల్లా అనే రెండంచెల పాలన మిగిలిన ప్రాంతాలన్నిటిలో జిల్లా కౌన్సిళ్లను తీసేసి, పెద్ద ఏకీకృత కౌన్సిళ్లు పెట్టాలని ఇక్కడి ప్రభుత్వం 2024 డిసెంబరులో శ్వేతపత్రం తెచ్చింది. చాలాచోట్ల ఒక్కో కౌన్సిల్ కింద 5 లక్షలు, ఆపైన జనాభా ఉండాలన్నది అందులోని కొలత. నగరాల సంగతి ఎలా ఉన్నా పల్లెసీమలకు ఈ కొలత నప్పదు. ఇప్పటికే విలీనమైపోయిన ఈడెన్ జిల్లాయే అందుకు సాక్ష్యం. చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో, కేర్ హోముల్లో పనిచేస్తున్న తెలుగువాళ్లు మీ పత్రిక చదువుతారు కాబట్టి, వాళ్లకూ పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కంబ్రియా కౌంటీ తూర్పు భాగం ఈడెన్. మాలర్‌స్టాంగ్ కొండల్లో పుట్టిన ఈడెన్ నది కర్క్‌బీ స్టీఫెన్, యాపిల్‌బీల మీదుగా ఉత్తరానికి పారి, కార్లైల్ దాటి సాల్వే అఖాతంలో కలుస్తుంది. తూర్పున పెన్నైన్ కొండలు, వాటిలో అన్నిటికన్నా ఎత్తయిన 893 మీటర్ల క్రాస్ ఫెల్. పడమట లేక్ డిస్ట్రిక్ట్ కొండలు, అల్స్‌వాటర్ సరస్సు. ఈ జిల్లాలోదే అయినా ఆల్‌స్టన్ ఊరైతే ఈ లోయలోనే లేదు. పెన్రిత్ నుంచి అక్కడికి వెళ్లాలంటే 580 మీటర్ల ఎత్తున్న హార్ట్‌సైడ్ కనుమ ఎక్కి దిగాలి. మంచు పడితే ఆ దారి మూసేస్తారు. అక్కడి వాన నీరు కూడా ఈడెన్‌లోకి రాదు, సౌత్ టైన్ నదిలో పడి తూర్పు సముద్రానికి పోతుంది. 2021 జనగణనలో ఈ జిల్లా జనాభా సుమారు 54,700. విస్తీర్ణం 2,100 చదరపు కిలోమీటర్ల పైమాటే. చదరపు కిలోమీటరుకు పాతిక మందన్నమాట, ఇంగ్లండ్ సగటు 434.

1974 ఏప్రిల్ 1న ఏర్పడిన ఈడెన్ జిల్లా కౌన్సిల్ 2023 ఏప్రిల్ 1న రద్దయింది. సౌత్ లేక్‌లాండ్‌ను, జలాంతర్గాములు కట్టే బారోను దీనితో కలిపి వెస్ట్‌మర్లాండ్ అండ్ ఫర్నెస్ కౌన్సిల్ చేశారు. ఈడెన్ ఒక్కదానికే 38 మంది సభ్యులుండేవారు. ఇప్పుడు మూడు పాత జిల్లాలకూ కలిపి 65 మంది. ప్రధాన కార్యాలయం కెండల్‌లో ఉంది. ఆల్‌స్టన్ నుంచి అక్కడికి కనుమ దాటి డెబ్బై కిలోమీటర్ల పైనే. కంబ్రియాను రెండు ముక్కలు చేశారు కాబట్టి ఈ మాత్రమైనా మిగిలింది. కౌంటీ మొత్తం జనాభాయే సుమారు 5 లక్షలు. శ్వేతపత్రం కొలత అప్పుడే వాడి ఉంటే 6,700 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న కొండసీమకంతటికీ ఒకే కౌన్సిల్ వచ్చేది.

విలీనంతో మేలేమీ జరగలేదని నేననను. పాత పద్ధతిలో వీధులు ఊడవడం జిల్లా పని, రోడ్డు పక్క వాననీరు దిగే జాలీల్లో పూడిక తీయడం కౌంటీ పని. అక్టోబరు, నవంబరుల్లో రాలిన ఆకులు జాలీ మీద చాపలా పరుచుకుంటాయి. ఊడ్చే బండి రాకముందు పూడిక తీసే బండి వచ్చి వెళ్తే ఆ శ్రమంతా వృథా, తర్వాతి వానకే నీళ్లు గడపల్లోకి వస్తాయి. ఇప్పుడు రెండూ ఒకే కౌన్సిల్ చేతిలో ఉన్నాయి. ఒకే రోజు, ముందు ఊడ్పు, తర్వాత పూడిక అని ఏర్పాటు చేసుకోవచ్చు. అయితే ఏ వీధిలో ఏ జాలీ ముందు మూసుకుంటుందో తెలిసిన మనిషి ఆ ఊళ్లోనే ఉంటాడు. అతని మాట పని కేటాయించే అధికారి దాకా చేరాలి.

వరద విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. పెద్ద నదులు ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ పరిధిలో ఉంటాయి. చిన్న వాగులు, ఉపరితల నీటి పర్యవేక్షణ 2010 నాటి వరద, నీటి నిర్వహణ చట్టం ప్రకారం కౌన్సిల్‌ది. వాగు గట్టును, పొలంలోని తూమును బాగుచేసుకోవాల్సింది ఆ భూమి యజమాని. 2015 డిసెంబరులో డెస్మండ్ తుపానుకు పూలీ బ్రిడ్జ్ ఊళ్లో 1764 నాటి రాతివంతెన కొట్టుకుపోయింది. తాత్కాలిక వంతెన 2016లో వచ్చింది, శాశ్వతమైన స్టీలు వంతెన 2020లో గానీ తెరుచుకోలేదు. ఒక్క వంతెన పోతే ఎంతమంది ఎంత దూరం చుట్టు తిరగాలన్నది జనాభా పట్టికలో కనిపించదు, లోయ పటంలోనే కనిపిస్తుంది.

ఇళ్ల అనుమతుల దగ్గర మరో తిరకాసు ఉంది. 2016 ఆగస్టులో యార్క్‌షైర్ డేల్స్ నేషనల్ పార్క్ హద్దును ఆర్టన్, మాలర్‌స్టాంగ్ వైపు పెంచారు. దాంతో పాత ఈడెన్‌లో ఇళ్ల అనుమతులిచ్చే ప్లానింగ్ సంస్థలు మూడయ్యాయి. పెన్రిత్, యాపిల్‌బీల్లో కౌన్సిల్, అల్స్‌వాటర్ పక్కన లేక్ డిస్ట్రిక్ట్ పార్క్ అథారిటీ, మాలర్‌స్టాంగ్‌లో డేల్స్ పార్క్ అథారిటీ. చెత్త తీసుకెళ్లేది మాత్రం అందరికీ కౌన్సిలే. దరఖాస్తు తప్పు చోట పెడితే మళ్లీ మొదటి నుంచీ రావాలి కాబట్టి ముందు హద్దు పటం చూసుకోవాలి.

ఇంత విడిపోయిన పాలనలో జనానికి నడిచి వెళ్లేంత దగ్గర్లో మిగిలింది 1894 చట్టంతో వచ్చిన, ఊరి స్థాయిలో ఉండే పారిష్ కౌన్సిల్ ఒక్కటే. ఆటస్థలం, శ్మశానం, బస్ షెల్టర్ వంటివి దాని పనులు. ఊళ్లో ఏదైనా కట్టడానికి దరఖాస్తు వస్తే దాని అభిప్రాయం అడుగుతారు, మామూలుగా 21 రోజుల గడువిస్తారు. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. చాలా పారిష్‌లు నెలకో, రెండు నెలలకో ఒకసారి సమావేశమవుతాయి. ఈలోపు గడువు దాటిపోయి, ఊరి మాట ఫైలెక్కదు. ఈమెయిళ్లలో సభ్యులంతా సరేనన్నా అది నిర్ణయం కాదు, ఒక్క చైర్మన్‌కు ఆ అధికారం అప్పగించడమూ చెల్లదు. మూడు పూర్తి రోజుల నోటీసుతో ప్రత్యేక సమావేశం పెట్టాలి. లేదా 1972 స్థానిక ప్రభుత్వ చట్టం 101వ సెక్షన్ కింద పారిష్ ఉద్యోగి అయిన క్లర్కుకు ముందే అధికారం ఇచ్చి ఉంచాలి. రాసే అభ్యంతరం కూడా మలుపులో దారి కనపడకపోవడం, మురుగు, వరద, పక్కింటి ఏకాంతం లాంటి వాటి మీద ఉండాలి. మా ఇంటి ధర తగ్గుతుంది, కిటికీలోంచి కొండ కనపడదు అంటే లెక్కలోకి తీసుకోరు.

అందుకే రాబోయే విలీనాల్లో సభ్యుల సంఖ్యకూ హద్దులకూ జనాభాతో పాటు విస్తీర్ణాన్నీ, కనుమలనూ, నదీ పరీవాహకాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. లోయకొక ప్రాంతీయ కమిటీ పెట్టి, సలహా చెప్పే పనితో సరిపెట్టకుండా జాలీలు, తూములు, చిన్న మరమ్మతుల డబ్బు ఖర్చుచేసే అధికారం దానికివ్వాలి. ఇవి జరగకుండా జిల్లా కౌన్సిళ్లను తీసేయడం పల్లెలకు అన్యాయం.

ఈ మాట అడిగే హక్కు ఇక్కడి తెలుగువాళ్లకు ఉంది. వీసా మీద ఉన్నవాళ్లకు ఓటెక్కడిదని చాలామంది అనుకుంటారు. భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు. 18 ఏళ్లు నిండి, చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ నివసిస్తుంటే స్థానిక ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. కౌన్సిల్ ట్యాక్స్ కడుతున్నంత మాత్రాన పేరు జాబితాలోకి ఎక్కదు, విడిగా నమోదు చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో కొద్ది నిమిషాల పని, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకుంటే చాలు. పోలింగుకు 12 పనిదినాల ముందు గడువు ముగుస్తుంది. పోలింగ్ కేంద్రంలో చూపడానికి భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. పేరు నమోదైతే ఏటా మార్చి 1కీ జూన్ 1కీ మధ్య సాయంత్రం 6 తర్వాత జరిగే పారిష్ సభలో మాట్లాడవచ్చు, ఓటూ వేయవచ్చు.

వెస్ట్‌మర్లాండ్ అండ్ ఫర్నెస్ కౌన్సిల్‌కు తర్వాతి ఎన్నికలు 2027 మేలో జరగాల్సి ఉన్నాయి. నమోదు గడువు తేదీ ప్రకటించగానే ప్రవాసుల పేజీలో వేయగలరని మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, పెన్రిత్, ఇంగ్లండ్