పోర్టల్ తెరిచే ముందు లోడ్ టెస్టు స్క్రిప్టు చూపించమనండి

సంపాదకుడు గారికి,

పరీక్ష ఫలితాలు ఇచ్చిన రోజైనా, కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ఆఖరి రోజైనా ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా నెట్ సెంటర్లలో వినపడే మాట 'సర్వర్ బిజీ'. ఒక్కసారిగా జనం మీద పడడంతో సైట్ మొరాయించిందని ఆ తర్వాత వివరణ వస్తుంది. ఆ జనం చెప్పకుండా వచ్చినవాళ్లు కాదు. పరీక్ష ఎంతమంది రాశారో తెలుసు, ఫలితాలు ఏ గంటకు ఇస్తున్నారో తెలుసు. ఇంత తెలిశాక ఆ రద్దీని రెండు వారాల ముందే యంత్రాలతో పుట్టించి చూసుకోవచ్చు. దీన్నే లోడ్ టెస్టు అంటారు. అయితే తప్పుడు ధైర్యం ఇచ్చేలా ఈ టెస్టు చేయడం చాలా తేలిక. 'పది వేల మంది యూజర్లతో పరీక్షించాం, పాసైంది' అన్న ఒక్క వాక్యం చూసి ఏ అధికారీ సైట్ తెరవడానికి ఒప్పుకోకూడదని చెప్పడానికే ఈ లేఖ.

ముందు లెక్క చూద్దాం. మొదటి 10 నిమిషాల్లో 60,000 మంది ఫలితం చూస్తారనుకుందాం. అంటే సెకనుకు 100 మంది కొత్తగా లోపలికి వస్తారు. నంబరు కొట్టి, మార్కులు చూసుకుని, మెమో దించుకోవడానికి ఒక్కొక్కరికి 90 సెకన్లు పడితే ఏ క్షణంలో చూసినా సైట్‌లో 9,000 మంది ఉంటారు. సెకనుకు వచ్చేవారిని ఉండే సమయంతో గుణిస్తే లోపల ఉన్నవారి సంఖ్య వస్తుంది. లిటిల్ సూత్రం అనేది ఇదే. ఒక్కొక్కరు నాలుగు పేజీలు తెరిస్తే సెకనుకు 400 రిక్వెస్టులు (బ్రౌజర్ సర్వర్‌ను ఒకసారి అడగడం ఒక రిక్వెస్టు), బొమ్మలూ స్టైల్ ఫైళ్లూ దానికి అదనం. ఇప్పుడు ఆ 'పది వేల మంది' మాటకు వద్దాం. స్క్రిప్టులో, అంటే యంత్రం ఏ పేజీని ఎప్పుడు అడగాలో రాసే ఆదేశాల్లో, ఒక్కో రిక్వెస్టుకీ మధ్య ఐదు నిమిషాల విరామం పెడితే పది వేల వర్చువల్ (యంత్రం పుట్టించిన) యూజర్లూ కలిసి కొట్టేది సెకనుకు 33 రిక్వెస్టులే. అంకె పెద్దదే, బరువు మాత్రం లేదు. సెకనుకు ఎన్ని రిక్వెస్టులు పంపారో రాయని రిపోర్టును వెనక్కి పంపేయాలి.

పనిముట్లకు డబ్బు పెట్టక్కర్లేదు. జావాలో నడిచే అపాచీ జేమీటర్, జావాస్క్రిప్ట్‌లో రాసే కే6, పైథాన్‌లో రాసే లోకస్ట్ ఉచితంగానే దొరుకుతాయి. ఏది వాడినా ఫరవాలేదు, తేడా అంతా స్క్రిప్టు రాయడంలోనే ఉంది.

జేమీటర్‌లో మామూలు థ్రెడ్ గ్రూప్ పెట్టి 500 థ్రెడ్లు (ఒక్కోటి ఒక వర్చువల్ యూజర్) ఇస్తే ఒక్కో థ్రెడ్ తన జవాబు వచ్చేదాకా ఆగి ఆ తర్వాతే రెండో రిక్వెస్టు పంపుతుంది. సర్వర్ నెమ్మదించగానే టెస్టు కూడా నెమ్మదిస్తుంది, అంటే సర్వర్ మీద మనమే జాలి చూపిస్తున్నాం. ఫలితాల రోజు అలా జరగదు. లోపలున్న వాళ్లకు జవాబు రాకపోయినా బయటి నుంచి సెకనుకు వంద మంది వస్తూనే ఉంటారు, లోపలివాళ్లు రిఫ్రెష్ నొక్కుతూనే ఉంటారు. కాబట్టి ఇలాంటి పోర్టళ్లకు రాక వేగాన్ని బట్టి నడిచే పద్ధతి తీసుకోవాలి. జేమీటర్ 5.5 నుంచి ఓపెన్ మోడల్ థ్రెడ్ గ్రూప్ ఉంది, కే6లో ర్యాంపింగ్ అరైవల్ రేట్ ఉంది. కే6లో వర్చువల్ యూజర్ల గరిష్ఠ పరిమితి తక్కువ పెడితే పంపాల్సిన రిక్వెస్టులు పంపకుండా వదిలేసి, డ్రాప్డ్ ఇటరేషన్స్ అని లెక్క చూపిస్తుంది. అది సున్నా కాకపోతే అనుకున్న రద్దీ అసలు పుట్టనే లేదన్నమాట.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది రికార్డు చేసిన స్క్రిప్టు. బ్రౌజర్‌లో ఒకసారి సైట్ తిరిగి, ఆ నడకను జేమీటర్‌తో రికార్డు చేసి, అలాగే వెయ్యి థ్రెడ్లతో నడిపేస్తారు. లాగిన్ అయినప్పుడు సర్వర్ ఇచ్చిన సెషన్ కుకీ (ఎవరు లాగిన్ అయ్యారో గుర్తుపట్టే చీటీ), ఫారంలో దాగి ఉండే టోకెన్ (ఆ ఫారం అసలుదేనని చూపే కోడ్) రికార్డు చేసిన రోజువి. అవి చెల్లవని సర్వర్ ప్రతి రిక్వెస్టునూ లాగిన్ పేజీకి తిప్పి పంపుతుంది. ఆ లాగిన్ పేజీ 200 (అంతా సరిగ్గా ఉందన్న) కోడ్‌తోనే వస్తుంది. జేమీటర్ దాన్ని విజయం కింద రాసుకుంటుంది. రిపోర్టంతా పచ్చగా ఉంటుంది, డేటాబేస్ దాకా మాత్రం ఒక్క రిక్వెస్టూ వెళ్లలేదు. దీనికి మందు మూడు భాగాలు. కొత్త కుకీలను దాచి తిరిగి పంపే కుకీ మేనేజర్ పెట్టాలి. ముందు పేజీ జవాబులోంచి టోకెన్‌ను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎక్స్‌ట్రాక్టర్‌తోనో జేసన్ ఎక్స్‌ట్రాక్టర్‌తోనో తీసి తర్వాతి రిక్వెస్టులో పెట్టాలి. ఆపైన రెస్పాన్స్ అసర్షన్ (వచ్చిన జవాబు సరైనదో కాదో చూసే షరతు) రాయాలి. 'ఫలితం' అన్న మాట పేజీలో ఉందా అని చూస్తే చాలదు. ఏ హాల్ టికెట్ నంబరు పంపామో అదే నంబరు తిరిగి వచ్చిన పేజీలో ఉందా అని సరిచూడాలి. రద్దీలో ఒకరి మార్కులు ఇంకొకరికి చూపించే లోపం కోడ్‌లో ఉంటే ఒక్కరు కూర్చుని ఎంత పరీక్షించినా బయటపడదు, ఈ అసర్షన్ పట్టేస్తుంది. ఈ ఒక్క పంక్తి కోసమైనా లోడ్ టెస్టు చేయించాలి.

డేటా సంగతి. ఒకే నంబరును లక్షసార్లు అడిగితే క్యాష్ (ముందే దాచుకున్న జవాబుల నిల్వ) నుంచి జవాబు వచ్చేస్తుంది. సీఎస్‌వీ ఫైలులో వేలాది వేర్వేరు నంబర్లు పెట్టి, ఫైలు అయిపోతే మళ్లీ మొదటికి వెళ్లకుండా సెట్టింగు మార్చుకోవాలి. తప్పు నంబర్లు కూడా కొన్ని కలపాలి, ఎందుకంటే జనం తప్పుగా కొడతారు. టెస్టు డేటాబేస్‌లో వెయ్యి వరసలు పెట్టుకుని వేగం చూస్తే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వేసే సూచిక) లేని టేబుల్ కూడా చురుగ్గానే కనిపిస్తుంది, అదే ఐదు లక్షల వరసలు ఉంటే దాని అసలు రంగు తెలుస్తుంది. ఈ వరసలు కల్పించినవే అయి ఉండాలి. పిల్లల అసలు పేర్లూ ఆధార్ నంబర్లూ టెస్టు సర్వర్‌లో పెట్టడానికి వీల్లేదు.

ఓటీపీ, పేమెంట్ గేట్‌వే వంటి బయటివారి సేవల మీద రద్దీ కుమ్మరించకూడదు కాబట్టి వాటి చోట డమ్మీ సర్వీసు పెడతారు. ఆ డమ్మీ తక్షణం జవాబిస్తే మళ్లీ మోసమే. అసలు గేట్‌వే రెండు సెకన్లు తీసుకుంటుంటే డమ్మీ కూడా రెండు సెకన్లు ఆగాలి. జావా అప్లికేషన్లను నడిపే టామ్‌క్యాట్ సర్వర్‌లో మామూలుగా ఉండే గరిష్ఠ థ్రెడ్లు 200. ఇక్కడ థ్రెడ్ అంటే ఒక్కో రిక్వెస్టును చూసుకునే పనివాడి లాంటిది. ఒక్కో థ్రెడ్ రెండు సెకన్లు చిక్కుకుంటే సెకనుకు 100 రిక్వెస్టులకు మించి సాగవు, ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా సరే.

నడిపేటప్పుడు జరిగే తప్పులు కొన్ని. జేమీటర్ విండో తెరిచి అందులోనే లోడ్ నడపకూడదు. ఆ విండో స్క్రిప్టు రాసుకోవడానికి, సరిచూసుకోవడానికి మాత్రమే. అసలు టెస్టు కమాండ్ లైన్‌లో నడపాలి. వ్యూ రిజల్ట్స్ ట్రీ తీసేయాలి, అది ప్రతి జవాబునూ మెమరీలో దాచుకుంటుంది, మామూలుగా ఇచ్చే 1 జీబీ హీప్ (జావా వాడుకునే మెమరీ) ఇట్టే నిండిపోతుంది. లినక్స్‌లో ఒక ప్రాసెస్ తెరవగల ఫైళ్ల పరిమితి చాలా చోట్ల 1,024గా ఉంటుంది, ఒక్కో కనెక్షన్ కూడా ఒక ఫైలు కిందే లెక్క కాబట్టి దాన్ని పెంచకపోతే వెయ్యి కనెక్షన్ల దగ్గర మన యంత్రమే ఆగిపోతుంది, తప్పు సర్వర్ మీద పడుతుంది. లోడ్ పంపే యంత్రం ప్రాసెసర్ 80 శాతం దాటితే ఆ అంకెలు నమ్మొద్దు, రెండో యంత్రం పెట్టుకోవాలి. కాలేజీ ల్యాబులోని యంత్రాలన్నీ ఒకే ఐపీ అడ్రసు నుంచి బయటకు వెళ్తాయి. అవతలి ఫైర్‌వాల్ దాన్ని దాడి అనుకుని 429 (మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారన్న) కోడ్ పంపుతుంది. ముందుగా ఆ ఐపీకి మినహాయింపు అడగాలి.

ఫలితం చదవడంలో సగటు చూసి మురిసిపోవద్దు. వంద రిక్వెస్టుల్లో 95 రిక్వెస్టులకు 0.2 సెకన్లు, మిగతా ఐదింటికి పదేసి సెకన్లు పట్టాయనుకోండి. సగటు 0.69 సెకన్లు, చూడముచ్చటగా ఉంటుంది. ఆ ఐదుగురికి మాత్రం సైట్ పని చేయనట్టే. 95వ, 99వ పర్సెంటైల్ (వందలో 95, 99 రిక్వెస్టులు ఎంత సమయం లోపు పూర్తయ్యాయో) అడగాలి, పక్కనే ఎర్రర్ల శాతం అడగాలి. విఫలమైన రిక్వెస్టులు చాలాసార్లు చప్పున తిరిగొస్తాయి, వాటిని కలిపి లెక్క వేస్తే సర్వర్ చచ్చిపోయిన కొద్దీ సగటు బాగుపడుతుంది.

ఎక్కడ తెగుతుందంటే ఎక్కువగా డేటాబేస్ కనెక్షన్ల దగ్గరే. జావా అప్లికేషన్లలో విరివిగా వాడే హికారీ పూల్‌లో (డేటాబేస్ కనెక్షన్లను సిద్ధంగా ఉంచే నిల్వలో) ముందుగా ఉండేది 10 కనెక్షన్లు. ఒక్కో క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) 50 మిల్లీసెకన్లు పట్టుకుంటే సెకనుకు 200 క్వెరీలే అవుతాయి. సర్వర్లు పెంచేద్దామని పది పెడితే 100 కనెక్షన్లు అడుగుతాయి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ముందుగా ఉండే గరిష్ఠం సరిగ్గా 100, అందులోనూ కొన్ని అడ్మిన్‌కు పక్కన పెట్టినవి. సర్వర్లు అద్దెకు తీసుకున్న డబ్బు అక్కడే ఆగిపోతుంది. రద్దీని బట్టి సర్వర్లు వాటంతటవే పెరుగుతాయని ధీమా పడడం కూడా పొరపాటే. కొత్త సర్వర్ లేచి పనిలోకి రావడానికి నిమిషాలు పట్టొచ్చు, ఫలితాల రద్దీ మొదటి నిమిషంలోనే వచ్చిపడుతుంది. అందుకని అరగంటసేపు మెల్లగా పెంచే టెస్టుతో సరిపెట్టకుండా ఒక్క నిమిషంలో సున్నా నుంచి పూర్తి రద్దీకి ఎగబాకే టెస్టు విడిగా చేయాలి. వాడిన మెమరీ తిరిగి విడుదల కాకుండా కారిపోతోందో లేదో తెలియాలంటే మామూలు రద్దీతో ఎనిమిది గంటలు వదిలేయాలి.

ఇదంతా ఒకసారి చేసి మరచిపోయేది కాదు. కోడ్ మారిన ప్రతిసారీ ఐదు నిమిషాల చిన్న టెస్టు దానంతటదే నడవాలి. కే6లో 95వ పర్సెంటైల్ 500 మిల్లీసెకన్లు దాటకూడదని, ఎర్రర్లు 1 శాతం మించకూడదని త్రెషోల్డ్ (దాటకూడని హద్దు) రాస్తే, దాటినప్పుడు అది విఫలమైనట్టు సంకేతమిచ్చి కొత్త కోడ్‌ను ఆపేస్తుంది. చెక్‌లు (ఒక్కో జవాబు సరైనదో కాదో నమోదు చేసేవి) మాత్రమే రాస్తే ఆపదు, ఇది చాలామంది గమనించరు. జేమీటర్ కూడా రిక్వెస్టులు విఫలమైనా తాను సజావుగా ముగిసినట్టే చెబుతుంది. ఫలితాల ఫైలు చదివి ఆపే చిన్న స్క్రిప్టు మనమే జోడించుకోవాలి.

మన విద్యార్థులకు ఒక హెచ్చరిక: అనుమతి లేకుండా ఏ సైట్ మీదా, ముఖ్యంగా ప్రభుత్వ సైట్ల మీద, ఈ స్క్రిప్టులు నడపకూడదు. సేవకు అంతరాయం కలిగిస్తే ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందకు వస్తుంది. సొంత ల్యాప్‌టాప్‌లో చిన్న సర్వర్ పెట్టుకుని నేర్చుకుంటే చాలు. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనూ విజయనగరం గురజాడ జేఎన్‌టీయూలోనూ చదివే పిల్లలకు ఇది ఫైనలియర్ ప్రాజెక్టుగా ఇవ్వదగ్గ పని. జిల్లా స్థాయి పోర్టళ్లకు శాఖలు రాతపూర్వకంగా అనుమతిస్తే అధ్యాపకుల పర్యవేక్షణలో వాళ్ల చేతే చేయించవచ్చు.

సైట్ కట్టే కాంట్రాక్టు కాగితంలోనే ఈ నాలుగూ రాయించాలని అధికారులను కోరుతున్నాం: సెకనుకు ఎన్ని రిక్వెస్టులు తట్టుకోవాలో, 95వ, 99వ పర్సెంటైల్ ఎంత ఉండాలో, ఎర్రర్లు ఎంత శాతం దాటకూడదో, స్క్రిప్టూ ముడి ఫలితాల ఫైలూ శాఖకు అప్పగించాలని. టెస్టు కనీసం రెండు వారాల ముందు జరగాలి. ముందు రోజు రాత్రి చేస్తే లోపం కనిపించినా ఇండెక్స్ వేసి, పూల్ సరిచేసి, మళ్లీ నడిపి చూసుకునే వ్యవధి ఉండదు.

ఇట్లు,
సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఇంజనీర్లు,
శ్రీకాకుళం