బిడ్డ థర్డ్ ఏసీలో, కుక్క గార్డు బోగీలో: కేంద్ర మంత్రి గారికి బహిరంగ లేఖ

వికలాంగుల సంక్షేమం చూసే గౌరవనీయులైన కేంద్ర మంత్రి గారికి,

నమస్కారాలు. మూర్ఛ ఉన్న పసిపిల్లలకు తోడుండే శిక్షణ కుక్కల గురించి మేం పెట్టుకున్న అర్జీలకు ఇప్పటిదాకా రసీదు నంబర్లు తప్ప జవాబు రాలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గురించీ, వికలాంగులకు ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు గురించీ మీకు మేం చెప్పాల్సింది లేదు. అందుకే నేరుగా రైలు సంగతికే వస్తున్నాం.

పెద్ద పరీక్షలకైనా, ఆపరేషన్ అవసరమో కాదో తేల్చుకోవడానికైనా మన తెలుగువాళ్లు పిల్లల్ని బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రికో, త్రివేండ్రం శ్రీచిత్ర ఆసుపత్రికో తీసుకెళ్తుంటారు. రాత్రంతా ప్రయాణం. ఎందరో పిల్లలకు ఫిట్స్ నిద్రలోనే వస్తాయి. నిద్ర చెడినా, మందు వేళ తప్పినా ఇంకా త్వరగా వస్తాయి. రైల్లో ఈ రెండూ జరుగుతాయి. కుక్క బిడ్డ పక్కన ఉండి తీరాల్సిన రాత్రి ఏదైనా ఉందంటే అదే. రైల్వే నిబంధన చూస్తే స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో, సెకండ్ ఏసీలో కుక్కని ఎక్కించకూడదు. ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే మొత్తమో, నాలుగు బెర్తుల క్యాబిన్ మొత్తమో తీసుకోవాలి. అంత డబ్బు పెట్టినా కూపే ఇస్తారో లేదో చార్టు తయారయ్యేదాకా తెలియదు. ఇవ్వకపోతే కుక్కని పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి, గార్డు బోగీలోని డాగ్ బాక్సులో పెట్టాలి. బిడ్డకి ఫిట్ వచ్చేది ఒక బోగీలో. దాన్ని చూసి మొరగాల్సిన కుక్క రైలు చివర ఇనుప పెట్టెలో. ఇక ఆ కుక్క ఎందుకండీ?

ఈ కుక్క ఫిట్‌ని ముందే పసిగడుతుందని మేం అనడం లేదు. ఫిట్ వచ్చినప్పుడు మనిషి ఒంటి వాసన మారుతుందని, దాన్ని కుక్కలు గుర్తుపట్టగలవని 2019లో ఒక పరిశోధన వచ్చింది. అందులో కుక్కలు ఐదే. ముందుగా హెచ్చరించేలా నమ్మకంగా నేర్పడం ఇంకా ఎవరికీ చేతకాలేదు. నేర్పగలిగేది ఫిట్ మొదలయ్యాక చేసే పని. మొరిగి తల్లిని లేపడం, తలుపు పక్కన కుక్క ముక్కుకి అందే ఎత్తులో బిగించిన బెల్లు నొక్కడం, మందుల సంచి నోట కరుచుకుని రావడం, మనిషి వచ్చేదాకా బిడ్డని వదలకపోవడం.

ఆ లేపడమే ప్రాణం. ఐదు నిమిషాలు దాటిన ఫిట్ దానంతటది ఆగే అవకాశం తగ్గిపోతుంది. అప్పుడు ఫిట్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలమ్ అనే మందు స్ప్రే డాక్టర్లు కిలోకి 0.2 మిల్లీగ్రాముల లెక్కన రాస్తారు. 15 కిలోల బిడ్డకి 3 మిల్లీగ్రాములు. పఫ్‌కి అర మిల్లీగ్రాము వచ్చే సీసా అయితే ఒక్కో ముక్కులో మూడేసి, మొత్తం ఆరు పఫ్‌లు. కొత్త సీసా అయితే ముందు గాల్లోకి కొన్నిసార్లు నొక్కి స్ప్రే సరిగా వస్తోందో లేదో చూసుకోవాలి. బిడ్డని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, టైము చూసుకోవాలి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం కాదు చేయాల్సింది. ఇదంతా తల్లి మేలుకుంటేనే కదా.

పెంపుడు కుక్కకి జాకెట్టు తొడిగితే సరిపోదా అని ఒక కార్యాలయంలో అడిగారు. సరిపోదు. బిడ్డ ఒక్కసారిగా బిగుసుకుని కొట్టుకోవడం చూసి బెదిరిపోయే కుక్కలున్నాయి, మీదపడి కరిచేవీ ఉన్నాయి. అందుకే కూనగా ఉన్నప్పుడే స్వభావం చూసి ఏరుతారు, తుంటి కీళ్లు ఎక్స్‌రే తీసి చూస్తారు, ఏడాదిన్నర నుంచి రెండేళ్లు నేర్పుతారు. ఫిట్ మనం రమ్మన్నప్పుడు రాదు కాబట్టి వీడియోలు చూపించి, పక్కనున్నవాళ్లు నటించి సాధన చేయించాలి. బిస్కెట్ కోసం ఊరికే బెల్లు నొక్కే అలవాటు పడిందంటే వారం తిరక్కుండా ఇంట్లో ఎవరూ ఆ బెల్లుని పట్టించుకోరు, మళ్లీ మొదటికొస్తుంది. రెప్ప వాల్చకుండా కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయే రకం ఫిట్స్‌లో పైకి కనిపించే కదలిక పెద్దగా ఉండదు, అలాంటి బిడ్డకి ఈ కుక్క పెద్దగా ఉపయోగపడదు. ఇన్ని జల్లెళ్లు దాటొచ్చిన కుక్కని లగేజీగా రాస్తున్నారు.

అసలు చిక్కు మీ శాఖ దగ్గరే ఉంది. చట్టంలోని 21 వైకల్యాల్లో మూర్ఛ పేరు లేదు. దీర్ఘకాలిక నరాల జబ్బుల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్ ఉన్నాయి. బిడ్డకి బుద్ధిమాంద్యమో సెరిబ్రల్ పాల్సీయో కూడా ఉంటే దాని పేరు మీద సదరం సర్టిఫికెట్ వస్తుంది. మూర్ఛ ఒక్కటే ఉంటే రాయడానికి గడే లేదు. బిడ్డకే కాగితం లేనప్పుడు కుక్కకి ఎక్కడ నుంచి వస్తుంది? అమెరికాలో ఉన్న మనవాళ్లు చెబుతారు, అక్కడ దుకాణంలోనైనా హోటల్లోనైనా అడగదగినవి రెండే ప్రశ్నలు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా, ఇది ఏ పని నేర్చుకుంది. కాగితం చూపించమనకూడదు. మేం అంత దూరం అడగడం లేదు. కాగితమే ఇవ్వండి, పరీక్ష పెట్టే ఇవ్వండి.

ఇప్పుడైతే బడి సంగతి ఇంకా కష్టం. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వీధికుక్కల్ని తొలగించమంది. పిల్లల భద్రత కోసం అన్న మాట, మేం కాదనం. కానీ గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఆ కుక్కకీ ఈ కుక్కకీ తేడా చెప్పే ముక్క ఎక్కడుంది? పైగా ఐదేళ్ల బిడ్డ ముప్పై కిలోల లాబ్రడార్ పట్టీని పట్టుకోలేదు. బడిలో పట్టుకునే పెద్దమనిషి ఒకరుండాలి. ఆ మనిషి ఎవరు, జీతం ఎవరిది అన్నది కూడా ఉత్తర్వులో రాయాలి, లేకపోతే అది తల్లి మెడకే చుట్టుకుంటుంది.

అయ్యా, దయచేసి మూర్ఛని ఆ జాబితాలో చేర్చే పని మొదలుపెట్టండి. అది ఆలస్యమైతే ఈలోగా నరాల డాక్టరు రాసిచ్చిన చీటీ చాలన్న ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. పరీక్ష నెగ్గిన కుక్కకి ఫొటోతో గుర్తింపు కార్డు ఇవ్వండి. రేబిస్ టీకా తేదీ దాని మీదే ఉండాలి. లోయర్ బెర్తు కింద దుప్పటి వేస్తే తెల్లారేదాకా కదలకుండా పడుకునే కుక్క ఇది, ఏసీ బోగీలో బిడ్డ దగ్గరే ఉండనివ్వమని రైల్వే శాఖకి రాయండి. ఆ ఉత్తరం నకలు మాకూ ఒకటి పంపండి, పార్సిల్ ఆఫీసు కిటికీ దగ్గర చూపించుకుంటాం.

ఇట్లు,
మూర్ఛ ఉన్న పిల్లల తల్లిదండ్రులు