ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వస్తే కీళ్ళవాతం లేనట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో కీళ్ళనొప్పుల మీద వచ్చిన వ్యాసం చదివాను. చాలావరకు బానే ఉంది గానీ చివర్లో కీళ్ళవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనుమానం ఉంటే ఆర్ఏ ఫ్యాక్టర్ టెస్ట్ (రక్తంలో ఒక రకం యాంటీబాడీని చూసేది) చేయించుకోండి తేలిపోతుంది అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే. తేలదండి. నేను ల్యాబ్ టెక్నీషియన్ని, ఆ టెస్ట్ రోజూ చేసేదాన్ని, అది తేల్చేదేంటో తేల్చనిదేంటో చూస్తూనే ఉంటా కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నా.

రిపోర్ట్ చేతికొచ్చాక జనం ఏం చేస్తారో ఒక్కపూట మా కౌంటర్ దగ్గర నిలబడితే మీకే తెలుస్తుంది. కవరు అక్కడే చించేసి, నెగెటివ్ అని కనపడగానే హమ్మయ్య అనుకుని వెళ్ళిపోతారు, రాసిచ్చిన డాక్టర్ దగ్గరికి కూడా మళ్ళీ వెళ్ళరు, నొప్పి బిళ్ళలు మింగుతూ నెలలకి నెలలు లాగించేస్తారు. ఇంకొందరు పాజిటివ్ చూసి అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, తీరా అడిగితే వాళ్ళకి ఒక్క కీలూ వాచలేదు, ఏదో ఫుల్ బాడీ ప్యాకేజీలో ఈ టెస్ట్ కూడా కలిసొచ్చిందంతే. భయపడాల్సినవాళ్ళు ధీమాగా ఇంటికెళ్తున్నారు, అక్కర్లేనివాళ్ళు ఏడుస్తున్నారు.

అసలు సంగతేంటంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్ళందరికీ ఈ ఫ్యాక్టర్ పాజిటివ్ రాదు, వచ్చేది 70 నుంచి 80 శాతం మందికి, జబ్బు మొదలైన కొత్తల్లో అయితే ఇంకా తక్కువ మందికి. పోనీ పాజిటివ్ వస్తే ఖాయమా అంటే అదీ కాదు, ఏ జబ్బూ లేని పెద్ద వయసువాళ్ళలో కొందరికి, హెపటైటిస్ సి, టీబీ లాంటివి ఉన్నవాళ్ళకి కూడా వస్తుంది. ఈ ఫ్యాక్టర్‌ని 1940లో నార్వే డాక్టర్ ఎరిక్ వాలర్ మొదట వివరించారు, ఆ తర్వాత యాంటీ సీసీపీ అని ఇంకా కచ్చితమైన టెస్ట్ వచ్చింది, అది పాజిటివ్ అయితే గట్టిగానే అనుమానించాలి, జబ్బు బయటపడటానికి కొన్నేళ్ళ ముందే రక్తంలో కనపడొచ్చు కూడా. కానీ రెండూ నెగెటివ్ వచ్చి కూడా కీళ్ళు పాడవుతున్నవాళ్ళు ఉన్నారు. ఇక ఆర్థరైటిస్ ప్రొఫైల్ పేరుతో అమ్మే వాటిలో యూరిక్ యాసిడ్, ఏఎస్ఓ కూడా ఉంటాయి. మొదటిది గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే వేరే కీళ్ళజబ్బు) కోసం, రెండోది గొంతులో వచ్చే ఒక రకం బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఆనవాలు, ఈ జబ్బుని పట్టుకోడానికి రెండూ పనికిరావు.

మరి దేన్ని చూడాలి అంటే, చేతుల్ని. రక్తం తీసేటప్పుడు నరం దొరకడానికి మేం పిడికిలి బిగించమంటాం. పొద్దున్నే పరగడుపున వచ్చేవాళ్ళలో కొందరికి ఎంత బిగించినా వేళ్ళు అరచేతిని తాకవు, చూపుడువేలు, మధ్యవేలు మొదట్లో ఉండే కణుపులు ఉబ్బి మధ్యలో ఉండాల్సిన పల్లం కనపడదు, ఒక చేతికి ఎలా ఉందో రెండో చేతికీ దాదాపు అలాగే. అదే మనిషి సాయంత్రం రిపోర్ట్ కోసం వచ్చి సంతకం మామూలుగా పెట్టేస్తారు. పొద్దున లేచాక కీళ్ళు బిగుసుకుపోయి గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు వదలకపోవడం, కాస్త అటూ ఇటూ కదిలాకే తేలికపడటం ఈ జబ్బు లక్షణం. వయసుతో వచ్చే అరుగుదలలో ఆ బిగుతు మామూలుగా అరగంటలోపే పోతుంది, నొప్పి పని చేసేకొద్దీ పెరుగుతుంది. ఇంకో తేడా, అరుగుదల వేళ్ళ చివరి కణుపులకి కూడా వస్తుంది, రుమటాయిడ్ ఎక్కువగా వాటిని వదిలేసి మణికట్టు, వేళ్ళ మొదలు, మధ్య కణుపులు, కాలివేళ్ళ మొదళ్ళు పట్టుకుంటుంది. దీనికి తోడు ఊరికే నీరసం, కొద్దిగా జ్వరం, బరువు తగ్గడం, రక్తహీనత. మోకాళ్ళ జబ్బు అనుకుంటారు గానీ ఇది ఒళ్ళంతటి జబ్బు, ముదిరితే ఊపిరితిత్తులు, కళ్ళు, గుండె దాకా పోగలదు.

ఎందుకొస్తుందంటే మనల్ని కాపాడాల్సిన ఇమ్యూనిటీయే కీలు లోపలి పల్చని పొర మీద తిరగబడుతుంది, ఆ పొర వాచి మందమై పక్కనున్న మృదులాస్థిని, ఎముకని తినేస్తుంది. జీన్స్ పాత్ర ఉంది కానీ అదొక్కటే కాదు, ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి వస్తే రెండోవాళ్ళకి వచ్చే అవకాశం 15 శాతం దగ్గరే ఉంటుంది. పొగతాగడం ముప్పుని బాగా పెంచుతుంది, చిగుళ్ళ జబ్బుకీ దీనికీ సంబంధం కనపడుతోంది. ఎక్కువగా 30, 60 ఏళ్ళ మధ్య మొదలవుతుంది, ఆడవాళ్ళకి మగవాళ్ళకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇంత చిన్న వయసులో కీళ్ళవాతమేంటి అని ఇంట్లోవాళ్ళు కొట్టిపారేస్తారు చూడండి, అసలు ఆ వయసులోనే కదా వచ్చేది.

ఈ జబ్బుని గుర్తించడానికి డాక్టర్లు ఆసరాగా తీసుకునే 2010 నాటి పాయింట్ల లెక్క చూసినా నేను చెప్పేది తెలుస్తుంది. కనీసం ఒక కీలు నిజంగా వాచి ఉంటేనే, ఆ వాపుకి వేరే కారణం దొరకకపోతేనే ఆ లెక్క మొదలవుతుంది. మొత్తం 10 పాయింట్లు, 6 వస్తే రుమటాయిడ్ కింద లెక్క. ఏ కీళ్ళు, ఎన్ని కీళ్ళు అన్నదానికి 5 దాకా, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ కలిపి 3 దాకా, ఒంట్లో వాపుని చూపించే రక్తపరీక్షలు ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ పెరిగితే 1, ఆరు వారాలు దాటితే 1. అంటే చిన్న కీళ్ళతో కలిపి పదికి పైగా కీళ్ళు పట్టుకుని, ఆరు వారాలు దాటినవాళ్ళకి మీరు చెప్పిన టెస్ట్ నెగెటివ్ వచ్చినా 6 వచ్చేస్తాయి. మొదట్లో ఎక్స్‌రే కూడా మామూలుగా ఉండొచ్చు, అప్పుడు అల్ట్రాసౌండ్‌లో వాపు దొరుకుతుంది. చికున్‌గున్యా జ్వరం తర్వాత నెలల తరబడి కీళ్ళు ఇలాగే ఉండటం కూడా ఉంది, అందుకే చేత్తో పట్టి చూసే డాక్టర్ కావాలి. ఇంకో గొడవ, ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ బిళ్ళలు మింగి టెస్ట్‌కొస్తారు, వాపూ తగ్గి సీఆర్పీ కూడా తగ్గి అంతా బానే ఉన్నట్టు కనపడుతుంది, లోపల జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

ఆలస్యమైతే ఏంటి అంటారా, ఒకసారి తినేసిన ఎముక తిరిగి రాదు. వాపు మొదలైన ఆరు వారాల్లోపు రుమటాలజిస్ట్ (ఇలాంటి కీళ్ళ జబ్బుల స్పెషలిస్ట్) చూడాలి, మూడు నెలల్లోపు జబ్బుని అదుపుచేసే మందు మొదలవ్వాలి అని యూరప్ రుమటాలజీ సంఘం యూలార్ చెప్తోంది. ఒక్క నెగెటివ్ కాగితం ఆ మూడు నెలల్నీ మింగేస్తోంది.

అందుకే అడుగుతున్నా, ప్రతి ఆర్ఏ ఫ్యాక్టర్ రిపోర్ట్ కింద దీన్నిబట్టి మాత్రమే జబ్బు ఉందనీ లేదనీ అనుకోవద్దు, డాక్టర్‌కి చూపించండి అని జనానికి అర్థమయ్యే భాషలో ఒక లైన్ వేయడం ల్యాబ్‌లకి తప్పనిసరి చేయాలి, దీనికి పెద్ద ఖర్చేం లేదు, ప్రింటర్‌లో ఒక లైన్. డాక్టర్ చీటీ లేకుండా ఈ ప్యాకేజీలు అంటగట్టడం ఆపాలి. కీళ్ళనొప్పి అని వచ్చినవాళ్ళని మొదట చూసే డాక్టర్ పొద్దున బిగుతు ఎంతసేపు ఉంటుందని అడిగి రెండు చేతులూ పట్టి చూడాలి. మీరు మాత్రం ఆ వాక్యాన్ని సరిచేసి, ఏదో మూల చిన్న అక్షరాల్లో కాకుండా వ్యాసం వచ్చిన పేజీలోనే వేయండి. నా పేరు వేయకండి, ప్యాకేజీల గురించి రాశానని మా ఓనర్ చూస్తే బాగోదు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్