షోరూంలో కార్డు ఇచ్చే ముందు తెలుగు కాగితం చేతిలో పెట్టాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం.

దసరా దగ్గర పడుతోంది. మా తణుకులో ఎలక్ట్రానిక్స్ దుకాణాల ముందు అప్పుడే బ్యానర్లు కట్టేశారు. కొత్త క్రెడిట్ కార్డు తీసుకుంటే కొన్న సామానుపై అక్కడికక్కడే పది శాతం తగ్గింపు అన్నది వాటి సారాంశం. పది అనే అంకె మనిషెత్తున ఉంటుంది, దాని పక్కన ఆవగింజంత నక్షత్రం గుర్తు ఉంటుంది. ఆ నక్షత్రం గుర్తు గురించే ఈ ఉత్తరం.

నేను ఒక సహకార సంఘంలో ముప్పై నాలుగేళ్లు చిట్టా ఆవర్జాలు రాసి పదవీ విరమణ చేసినవాడిని. గత మే నెలలో మా చిన్నమ్మాయికి సారె సామాను కొనడానికి మా అబ్బాయితో కలిసి ఒక పెద్ద షోరూంకి వెళ్లాను. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీ కలిపి 1,20,000 రూపాయలయ్యాయి. బిల్లు కౌంటరు పక్కనే ఒక చిన్న బల్ల, దాని వెనుక ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి. "బాబాయ్ గారూ, ఇప్పటికిప్పుడు కార్డు తీసుకుంటే పది శాతం తగ్గుతుందండీ, పన్నెండు వేలు మిగులుతాయి" అంది. మా అబ్బాయి ప్రైవేటు కళాశాలలో అధ్యాపకుడు, జీతం నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది కాబట్టి కార్డు వెంటనే మంజూరవుతుందని కూడా చెప్పింది. అన్నట్టే పది నిమిషాల్లో పని పూర్తయింది. ఆ పది నిమిషాల్లో అతని ఫోనుకు నాలుగు ఓటీపీలు వచ్చాయి. ఒకటి పాన్ కోసం, ఒకటి ఆధార్ కోసం, ఒకటి రుణ చరిత్ర చూడటానికి అనుమతి కోసం. నాలుగోది ఎందుకమ్మా అని నేను అడిగితే, "అది ఊరికే యాక్సెప్ట్ చేయడానికండీ" అని బదులొచ్చింది. ఆ అమ్మాయిని తప్పుపట్టను, ఆమెకు నేర్పింది అంతే. కానీ ఊరికే అన్న ఆ నాలుగో ఓటీపీయే అసలైన సంతకం. ప్రోనోటు మీద స్టాంపు అంటించి చేసే సంతకానికీ దానికీ తేడా లేదు. మాకు చల్లని బాదంపాలు ఇచ్చారు గానీ, ఏ నిబంధనలకు ఒప్పుకున్నామో తెలిపే కాగితం ఒక్కటీ ఇవ్వలేదు.

కార్డు నంబరు ఫోనులోకి వచ్చాక తెలిసింది, దాని పరిమితి 80,000 రూపాయలేనని. మిగతా 40,000 ఖాతాలోంచి కట్టాం. ఎనభై వేలపై పది శాతం ఎనిమిది వేలు కావాలి. అయితే తగ్గింపు ఎంత కొన్నా 7,500 రూపాయలకు మించదని బిల్లు కొట్టేటప్పుడు చెప్పారు. నక్షత్రం గుర్తుకు అర్థం అదేనట. పన్నెండు వేలు కాస్తా కౌంటరు దాటకముందే ఏడున్నర వేలయ్యాయి. ఇది కాక ప్రవేశ రుసుము 999 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి సుమారు 1,179. ఆ రుసుముకు బదులుగా వెయ్యి రూపాయల వోచరు ఇస్తామన్నారు. అది ఒకే ఒక వెబ్‌సైటులో, అదీ అయిదు వేలకు పైగా కొంటేనే చెల్లుతుంది కాబట్టి మాకు అక్కరకు రాలేదు.

ఇంతవరకూ జరిగినదాన్ని మోసం అనను. గడువులోగా బిల్లు మొత్తం కట్టేసేవారికి ఈ లెక్కలో ఆరు వేల పైచిలుకు నిజంగానే మిగులుతుంది. చేతిలో డబ్బు ఉండి, తేదీ గుర్తుపెట్టుకుని, ఎలాగూ కొనాలనుకున్న వస్తువునే కొనేవారు కొత్త కార్డు తీసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే బల్ల దగ్గర నిలబడేవారంతా అలాంటివారు కారు. మేమూ కాలేదు.

దరఖాస్తు నింపేటప్పుడు, నెలనెలా ఖాతాలోంచి దానంతటదే చెల్లింపు జరిగేలా ఒక ఏర్పాటు అడిగారు. అందులో మొత్తం బకాయి, కనీస బకాయి అని రెండు గళ్లుంటే, కనీస బకాయి గడిలో టిక్కు ముందే పెట్టి ఉంది. అబ్బాయి చూసుకోలేదు. చూసినా దాని ఫలితం ఇంత ఉంటుందని ఊహించేవాడు కాడేమో. మే 5న కొన్నాం. మే 18న 72,500 రూపాయలకు బిల్లు వచ్చింది. గడువు జూన్ 7. ఆ రోజున ఖాతాలోంచి అయిదు శాతం, అంటే 3,625 రూపాయలు వెళ్లాయి. చెల్లింపు అందింది, ధన్యవాదాలు అని సందేశం కూడా వచ్చింది. మేం పెళ్లి పనుల్లో ఉన్నాం.

జూన్ 18 నాటి బిల్లు చూసి నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. నెలకు మూడున్నర శాతం వడ్డీ. అది గడువు దాటిన జూన్ 7 నుంచి పడుతుందని నేను అనుకున్నాను. అలా పడలేదు, కొన్న రోజైన మే 5 నుంచే పడింది. పూర్తి బిల్లు కడితేనే ఆ నెలా చిల్లర రోజులు వడ్డీ లేని రోజులవుతాయి, లేకపోతే వాటికీ వడ్డీ లెక్క కడతారు. మే 5 నుంచి జూన్ 7 వరకు 33 రోజులకు 72,500 పైన, ఆ తర్వాతి 11 రోజులకు 68,875 పైన వడ్డీ వేసి చూస్తే మొత్తం 3,625 రూపాయలు వచ్చింది. విచిత్రమేమిటంటే మేం కట్టినదీ సరిగ్గా అంతే. దానిపై జీఎస్టీ మరో 652. ప్రవేశ రుసుము కలపకముందే బాకీ 73,152 రూపాయలకు చేరింది. మూడు వేల ఆరు వందలు కట్టిన తర్వాత అప్పు తగ్గకపోగా పెరిగిన ఖాతాను నా ఉద్యోగ జీవితంలో నేను రాయలేదు.

మా గోదావరి పల్లెల్లో నూటికి రూపాయి వడ్డీని ధర్మవడ్డీ అంటారు. రెండు రూపాయలంటే మామూలే అంటారు. మూడు రూపాయలు దాటి తీసుకునే మనిషి పేరు రచ్చబండ దగ్గర మంచిగా వినపడదు. కార్డు మీద మూడున్నర రూపాయలంటే ఏడాదికి 42 శాతం. ముప్పై శాతం మించి వడ్డీ వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కాబట్టి ఈ వడ్డీని చట్టవిరుద్ధం అని అనలేం. అనలేం కాబట్టే, ఆ సంగతి అప్పు తీసుకునేవాడికి ముందే, అతనికి వచ్చిన భాషలో తెలియడం మరింత అవసరమవుతోంది.

తెలియజేయడానికి నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో కార్డుల జారీపై సమగ్ర ఆదేశాలు ఇచ్చింది. వడ్డీ రేటు, రుసుముల వంటి ముఖ్య విషయాలతో ఒక పేజీ కీలక వివరాల పత్రాన్ని దరఖాస్తుతో పాటే ఇవ్వాలని అందులో ఉంది. నిబంధనలు సరళమైన భాషలో, కార్డుదారుకు అర్థమయ్యేలా ఉండాలని కూడా ఉంది. ఇంగ్లిషు, హిందీ, స్థానిక భాషల ప్రస్తావన వచ్చేచోట మాత్రం ప్రిఫరబ్లీ అనే ఒక మాట చేర్చారు. దస్తావేజుల భాషతో ఏళ్ల తరబడి వేగినవాడిగా చెబుతున్నాను, మన దేశంలో ఆ మాటకు అర్థం కుదిరితే అని. కుదిరితే ఇవ్వమన్నది ఎవరికీ కుదరదు. కనీస బకాయి మాత్రమే కడుతూ పోతే అప్పు నెలలు, ఏళ్ల తరబడి సాగి, వడ్డీ మీద వడ్డీ పడుతుందన్న హెచ్చరికను ప్రతి బిల్లుపైనా ముద్రించాలన్న నియమమూ ఉంది. మా అబ్బాయి బిల్లులోనూ ఆ హెచ్చరిక ఉంది. మూడో పేజీలో, ఇంగ్లిషులో.

అదే షోరూంలో రెండో బల్ల దగ్గర నో కాస్ట్ ఈఎంఐ, అంటే అదనపు ఖర్చు లేని నెలవాయిదా, అని మరో ఏర్పాటు నడుస్తోంది. మేం దాని జోలికి పోలేదు గానీ, ఇంటికి వచ్చాక కుతూహలం కొద్దీ లెక్క వేశాను. ఎనభై వేల వస్తువుకు పన్నెండు నెలల వాయిదా అంటే నెలకు 6,667. బ్యాంకు పదహారు శాతం వడ్డీ వేస్తుందనుకుంటే, అసలు 73,477గా, వడ్డీ 6,523గా తేలుతుంది. ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని దుకాణం తరఫున ముందే తగ్గించి, వడ్డీ లేదని చెబుతారు. ఇంతవరకూ సరే. కానీ ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ 1,174 రూపాయలు, ప్రాసెసింగ్ రుసుము 199, దానిపై జీఎస్టీ కలిపి 235 కొన్నవాడే కట్టుకోవాలి. ఖర్చు లేని వాయిదాకు ఖర్చు 1,409. అసలు సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. నాకు తోచిన ప్రశ్న ఒకటి. వాయిదాకు కొనేవాడి కోసం ఆరున్నర వేలు వదులుకోగల దుకాణం, రొక్కం ఇచ్చేవాడికి ఎందుకు వదులుకోదు? అడిగితే వదులుతుంది. మా వియ్యంకుడు గారు అదే వీధిలో ఒక చిన్న దుకాణంలో ఏసీ, ఫ్రిజ్ కొని, ఫోనులో యూపీఐతో కట్టి, అడిగినందుకు నాలుగు వేలు తగ్గించుకున్నారు. ఏ కార్డూ తీసుకోలేదు.

మా కథ ముగింపు చెప్పాలి. జూన్ 25న ఒక డిపాజిట్ మధ్యలోనే తీసి బాకీ అంతా కట్టేశాం. ఆ ఏడు రోజులకు మళ్లీ వడ్డీ, జీఎస్టీ కలిపి మరో 690 రూపాయలు తర్వాతి బిల్లులో వచ్చాయి. పద్దు రాసుకుంటే, 7,500 తగ్గింపులోంచి రెండు విడతల వడ్డీ, పన్నులు, ప్రవేశ రుసుము పోగా మిగిలింది 1,354 రూపాయలు. ఆ రోజు బల్ల దగ్గర విన్న పన్నెండు వేలలో మాకు దక్కింది అది. డిపాజిట్‌పై పోగొట్టుకున్న వడ్డీని ఇందులో కలపలేదు. ఎనభై వేల పరిమితిలో తొంభై శాతం వాడేసినట్టు రుణ చరిత్రలో నమోదైంది. అబ్బాయి వచ్చే ఏడాది గృహరుణం తీసుకోవాలనుకుంటున్నాడు, దాని ప్రభావం ఎంతో అప్పుడు చూడాలి.

కార్డు మూసేయమని ఫోను చేస్తే ప్రతిసారీ వచ్చే ఏడాది రుసుము మాఫీ చేస్తామనడమే తప్ప మూసేవారు లేరు. బాకీ లేని కార్డును అడిగిన ఏడు పనిదినాల్లో మూయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున కార్డుదారుకే చెల్లించాలని పైన చెప్పిన రిజర్వు బ్యాంకు ఆదేశాల్లోనే ఉందని తెలుసుకుని ఆ మాట ఉటంకిస్తూ ఈమెయిల్ రాశాం. మూడో రోజున మూసేశారు. ఈ సంగతి మీ పాఠకులకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. బ్యాంకుకు రాసిన ఫిర్యాదుకు ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఆదేశాల్లోని ఆ కుదిరితే అనే మాటను రిజర్వు బ్యాంకు తీసివేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఏ దుకాణంలో కార్డు అమ్మినా, చివరి ఓటీపీ అడగకముందే ఒక పేజీ కీలక వివరాల పత్రం తెలుగులో కొనుగోలుదారు చేతికి రావాలి. తగ్గింపు ఎంతకు మించదు, కార్డు పరిమితి ఎంత, ఏడాదికి వడ్డీ ఎంత, ఆ వడ్డీ ఏ రోజు నుంచి పడుతుంది అన్న నాలుగు సంగతులు అందులో బ్యానర్ మీది అంకెలంత కాకపోయినా, చదవగలిగినంత పెద్దగా ఉండాలి. దానంతటదే చెల్లింపు జరిగే ఏర్పాటులో ముందే టిక్కు పెట్టి ఉంచాల్సి వస్తే మొత్తం బకాయి గడిలోనే పెట్టాలి. కార్డు లేకుండా కొంటే ధర ఎంతో దుకాణం రాసి పెట్టాలి.

ఆ పేజీ అచ్చు వేయడానికి ఎంత ఖర్చవుతుందో మా ఊరి ప్రింటింగ్ ప్రెస్‌లో అడిగాను. వెయ్యి కాపీలు వేయిస్తే, ఒక్కో కాపీకి మాకు ఇచ్చిన బాదంపాల ఖర్చులో పదో వంతు కూడా పడదట.

భవదీయుడు,
ఒక విశ్రాంత గుమాస్తా,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా